నంద్యాలకు ఊరికే పోయాం

హైదరాబాదులో మా ఆడబిడ్డ మరిది కొడుకు పెళ్ళి అని రెండు రోజులు సెలవు పెట్టి, చీరలు ఇస్త్రీ చేయించి, బ్యాగు సర్ది తలుపు పక్కన పెట్టాను. ఆ సాయంత్రమే ఫోను వచ్చింది. పెళ్ళికొడుక్కి ఆటలమ్మ పోసిందట. ముహూర్తం నెల రోజులు వెనక్కి పోయింది.

మా ఆయన ముఖంలో చిన్న వెలుగు కనిపించింది. ఆయన చాగలమర్రిలో ఇండ్లు కట్టే మేస్త్రీ. పెళ్ళిళ్ళకు పోవడమంటే ఆయనకు స్లాబు పని ఆగిపోవడమే.

"బ్యాగు దించు. రేపు పొద్దున్నే పనికాడికి పోతా," అన్నాడు.

"బ్యాగు దించేది లేదు. నంద్యాల పోదాం," అన్నాను.

"నంద్యాలా? ఎవురికేమైంది?"

ఆయన అట్లా అడగడంలో తప్పు లేదు. మాకు నంద్యాల గంటన్నర బస్సు ప్రయాణం. పెళ్ళయిన ఇరవై నాలుగేళ్ళలో ఎన్నిసార్లు పోయామో లెక్క లేదు. మా పాప పుట్టింది అక్కడి ఆసుపత్రిలోనే. మా అత్త కంటి ఆపరేషను అక్కడే, నా బీఈడీ పరీక్షలు అక్కడే, ఆయన బోరు మోటారు విడిభాగాలు అక్కడే. పని చూసుకుని సాయంత్రం బస్సుకు పరుగెత్తుకొచ్చేవాళ్ళం. ఊరికే పోయింది మాత్రం ఒక్కసారీ లేదు.

"ఎవురికీ ఏమీ కాలేదు. ఊరు చూసి, బాగా తిని వద్దాం. జనాలు మైసూరు పోతారే, అట్లా."

"నంద్యాలేమన్నా మైసూరా?"

"మైసూరోళ్ళకు మైసూరు నంద్యాలే కదా!"

తెలుగు టీచరుతో వాదన పెట్టుకుంటే అర్థం కాని మాటతోనే ఓడిపోవాల్సి వస్తుందని ఆయనకు అనుభవం. మరునాడు, శనివారం పొద్దున, బస్సెక్కాం.

లాడ్జిలో కౌంటరు దగ్గర కూర్చున్నాయన మా ఆధార్ కార్డులు తీసుకుని, తలెత్తకుండానే అడిగాడు.

"ఏ ఆసుపత్రిమ్మా?"

"ఆసుపత్రి కాదప్పా. ఊరు చూడనీకి వచ్చినాం."

"ఏ ఊరు?"

"ఈ ఊరే."

ఆయన కార్డులు మళ్ళీ చూశాడు. చాగలమర్రి అనే రాసి ఉంది. మా ముఖాలు చూశాడు. మా ఇద్దరికీ కలిపి వంద దాటిన వయసు.

"పేషెంటు ఎవురూ ల్యారా?" అన్నాడు, చివరి ఆశగా.

"ఇప్పటికైతే ల్యారు," అన్నాడు మా ఆయన. "ఈమె నన్ను రెండు దినాలు తిప్పినంక చెప్తా."

మొదటి పని ఉగ్గాని బజ్జి. నానబెట్టి పిండిన బొరుగులను తిరగమోతలో వేసి, పైన పప్పుల పొడి చల్లి చేసే ఉగ్గాని మా ఇంట్లోనూ వారానికి రెండుసార్లు చేస్తాను. కానీ రోడ్డు పక్కన, పెనం పొగలో, ఇంకొకరు చేసిపెట్టిన ఉగ్గానికి ఉండే రుచి వేరు. సందు మొదట్లో రేకుల షెడ్డు కింద ఒక హోటలుంది. రెండు ప్లేట్లు చెప్పి కూర్చున్నాం.

నా కళ్ళు బోర్డు మీద పడ్డాయి. "'వుగ్గానీ భజ్జీ' అంట! భ ఎందుకు వచ్చిందో!"

అదే సమయానికి ఆయన షెడ్డు స్తంభం వైపు ఒక కన్ను మూసి చూస్తున్నాడు. "ఈ పిల్లరు ఎవుడు నిలబెట్టినాడోమ్మే, రెండంగుళాలు పక్కకుండాది."

మా జంట సంగతి అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది. ఇరవై ఏళ్ళుగా నేను ఎర్ర సిరాతో బతికినదాన్ని, ఆయన గోడ నిలువు చూసే తూకపు గుండుతో. తప్పు పట్టకుండా మేము ఒక కాఫీ కూడా తాగలేం. అందుకని ఒక ఒప్పందం పెట్టాను. ఈ రెండు రోజులు ఎవరూ దేనికీ తప్పు పట్టకూడదు. పట్టినవాళ్ళు తమ ప్లేట్లోంచి ఒక బజ్జి అవతలివాళ్ళకు ఇచ్చుకోవాలి.

"సరే," అన్నాడాయన. "ముందు నీ బజ్జి ఈడ పెట్టు. భ అన్నావు కదా."

"ఒప్పందం ఇప్పుడే మొదలైంది. పోయిన తప్పులు లెక్కలోకి రావు."

"అది అన్యాయం."

"అదిగో, తప్పు పట్టినావు!"

ఆ బజ్జి ఆ ప్లేటు నుంచి ఈ ప్లేటుకు, ఈ ప్లేటు నుంచి ఆ ప్లేటుకు తిరిగి తిరిగి చల్లారిపోయింది. చివరికి సగం సగం తిన్నాం. కారం నషాళానికంటి ఇద్దరికీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

మధ్యాహ్నం మహానందికి పోయాం. నల్లమల అంచున అరటితోటల మధ్య ఆ గుడి మాకు కొత్తేమీ కాదు. కానీ ఇంతకు ముందు ఎప్పుడు పోయినా మొక్కు తీర్చి, తల గుండు చేయించుకున్న ఏదో ఒక పిల్లవాణ్ణి ఎత్తుకుని తిరిగొచ్చేవాళ్ళమే. శిఖరం వైపు తీరిగ్గా తలెత్తి చూసింది అదే మొదలు. మెట్లు మెట్లుగా పైకి పోతూ సన్నబడే ఆ రాతి వరసలు చూస్తూ నేను ఫోటోలు తీసుకుంటున్నాను. కాసేపటికి వెనక్కి తిరిగితే మా ఆయన లేడు.

కోనేటి గట్టున గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఆ కోనేరు నీళ్ళ సంగతి అందరికీ తెలిసిందే. అడుగున పడిన సూది కూడా కనబడేంత తేట. ఏ కాలంలోనూ నీటి మట్టం మారదంటారు. ఈయన నీళ్ళల్లోకి వంగి, ఆ మూలకు పోయి, ఈ మూలకు వచ్చి, మళ్ళీ వంగి చూస్తున్నాడు. మెట్ల మీద కూర్చున్న ఒక పెద్దాయనకు అనుమానం వచ్చింది.

"ఏందప్పా, ఏమన్నా పోగొట్టుకున్నావా?"

"లేదన్నా. నీళ్ళు యాడికి పోతాండాయో చూస్తాండా."

"పొలాలకు పోతాండాయి."

"అది కాదన్నా. ఎంత వస్తాందో అంతే పోవాల గదా. ఆ లెవెలు యాడ కట్టినారని."

"ఎన్ని వందల ఏండ్ల నుంచో పోతాండాయి. ఇప్పుడు నువ్వు చూడకుంటే ఆగిపోతాయా?" అన్నాడు పెద్దాయన. నేను నవ్వాపుకోలేక కొంగు అడ్డం పెట్టుకున్నాను.

తిరుగు బస్సులో మా ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. బయటికి చూస్తూ, "మన ఊళ్ళో నేను కట్టిన నీళ్ళ తొట్లు రెండేండ్లకే కారుతాండాయి," అన్నాడు.

"నీ తప్పు నువ్వే పట్టుకుంటే బజ్జి ఎవరికి పోతుంది?" అన్నాను.

ఆయన నవ్వలేదు. అంత లోతుగా ఆలోచిస్తున్నాడని అప్పుడు నాకు తెలియలేదు.

ఆ సాయంత్రం పొద్దుగూకక ముందే ఆకలేసి ఒక మెస్సుకు పోయాం. రాగి సంగటి, నాటుకోడి పులుసు, పక్కన చెనిక్కాయల చట్నీ. వడ్డించే ఆమె సంగటి ముద్దను విస్తట్లో పెట్టి, నడుమ గరిటె వెనుక భాగంతో గుంత చేసి, అందులో నెయ్యి పోసింది. మా ఆయన ఆ గుంతను మెచ్చుకోలుగా చూశాడు.

"ఇదే నేను కూలోళ్ళకు నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పేది. సిమెంటు, ఇసుక కుప్ప పోసి, నడుమ ఇట్లా గుంత చేసి నీళ్ళు పోయాల. పక్కల నుంచి పోస్తే సిమెంటు పాలు కారిపోతాయి."

వడ్డించే ఆమె గరిటె ఆపి, "అమ్మా, మీ ఆయనకు ఇంగో ముద్ద వేసేదా, తాపీ తెచ్చి ఇచ్చేదా?" అంది.

ఇంకో ముద్ద వేయించుకున్నాడు. ఆపైన ఇంకోటి కూడా.

ఆదివారం పొద్దున ఎర్రకారం దోశ తిన్నాక, పాత ఊరి వీధుల్లో నడుద్దామన్నాను. అపార్టుమెంట్ల మధ్య ఇంకా అక్కడక్కడా పాతకాలం మట్టి మిద్దెలు మిగిలి ఉన్నాయి. ఒక సందు మలుపులో అట్లాంటిదొకటి కనబడింది. ఎత్తైన రాతి పునాది, వాకిలికి రెండు వైపులా తిన్నెలు, నడుమ తీగలు పువ్వులు చెక్కిన టేకు తలుపు. పైన మిద్దె అంచున వాననీళ్ళు వీధిలోకి దుమికే రాతి దోనెలు మూడు. అందులో ఒకటి సగానికి విరిగిపోయి ఉంది. దాంట్లోంచి రావి మొక్క తల బయటపెట్టింది.

నేను తలుపు ఫోటో తీస్తున్నాను. మా ఆయన గోడ మీద వేళ్ళ కణుపులతో కొట్టి చెవి పెట్టి విన్నాడు. జానతో మందం చూశాడు. తరువాత ఇంటి ఈ కొస నుంచి ఆ కొసకు అడుగులు లెక్కపెడుతూ నడిచాడు. పదకొండో అడుగు దగ్గర తలుపు భళ్ళున తెరుచుకుంది.

గడప మీద ఒక ముసలామె నిలబడి ఉంది. తల మీద తెల్లటి దుపట్టా, చేతిలో తెడ్డు.

"కొలుచుకో, బాగా కొలుచుకో! మా పెద్దోడేనా పంపించింది? నేను బతికుండంగానే కొలతలకు తయారైనారా?"

"లేదు పెద్దమ్మా, నేను ఊరికే..."

"ఊరికే ఎవుడన్నా ఇంటిని అడుగులేసి కొలుస్తాడా? నువ్వు మేస్త్రీవా కాదా, చెప్పు!"

మా ఆయనకు అబద్ధం నోట రాదు. ఇట్లాంటప్పుడు అది పెద్ద లోపం.

"మేస్త్రీనే," అన్నాడు.

"చూడు మరి!" అంటూ తెడ్డు ఎత్తిందామె. నేను మధ్యలోకి పరుగెత్తాను.

"పెద్దమ్మా, మాది చాగలమర్రి. ఊరు చూడనీకి వచ్చినాం. మీ ఇల్లు బాగుందని నిలబడినాం, అంతే."

"చాగలమర్రి నుంచి మా గోడ చూడనీకి వచ్చినారా?"

"అవును."

ఆమె నన్ను, నా చేతిలో ఫోనును, మా ఆయన ముఖాన్ని వరసగా చూసింది. మా ఆయన అప్పుడు బడిలో దొరికిపోయిన పిల్లవాడి మాదిరి చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమె తెడ్డు దించింది.

"గోడే చూస్తే ఏముండాది? లోపలికి రాండి."

లోపల చల్లగా ఉంది. పడసాలలో ఆరు కొయ్య స్తంభాలు, పైన నల్లబడిన దూలాలు. మిద్దెకు నడుమ గవాచి, అంటే వెలుతురు కోసం వదిలిన చదరపు కంత. అందులోంచి ఎండ పలక నాపరాళ్ళ నేల మీద పడి ఉంది. ఆ ఇల్లు ఆమె మామగారు బెల్లం వ్యాపారం చేసే రోజుల్లో కట్టించాడట. ఆమె పదహారేళ్ళ పిల్లగా కాపురానికి వచ్చింది ఆ గడప దాటే. ఇప్పుడు ఒక్కతే ఉంటుంది. పెద్దకొడుకు కర్నూలులో ఉద్యోగం. పడగొట్టి మూడంతస్తులు వేద్దామని ఏడాదిగా పోరుతున్నాడు.

"వాడు చెడ్డోడు కాదు," అందామె. "వానొస్తే ఆ మూల కారతాది. మూడు గిన్నెలు పెట్టుకుంటా. అమ్మ మీద పడితే ఎట్లా అని వానికి భయం. ఇంతకూ నువ్వు మేస్త్రీవి గదా, నువ్వు చెప్పు. పడగొట్టాల్నా?"

నేను మా ఆయన వైపు చూశాను. మా ఊళ్ళో ఇట్లాంటి మిద్దెలు ఎన్ని పడగొట్టాడో నాకు తెలుసు. పాత దూలాలు స్లాబు ఆరేదాకా కింద ఆనించే పోటీలకు వాడేవాడు. ఇల్లు చూపించి సలహా అడిగినవాళ్ళకు ఆయన చెప్పే జవాబు ఎప్పుడూ ఒకటే: పీకేసి స్లాబు వేయి.

ఆయన పైకప్పు వైపు తలెత్తి చూశాడు. "నిచ్చెనుండాదా పెద్దమ్మా?" అని అడిగాడు.

అరగంట మిద్దె మీదే ఉన్నాడు. కింద మాకు అడుగుల చప్పుడు, మధ్య మధ్యలో పెద్దమ్మ ఇచ్చిన కొడవలితో నరుకుతున్న చప్పుడు వినబడుతూనే ఉన్నాయి. దిగి వచ్చేటప్పటికి చొక్కా నిండా మట్టి. చేతిలో చేయంత పొడవు రావి వేరు.

"మిద్దె గట్టిగుండాది. ఒక్క దూలానికీ చెద ల్యా. దోనె విరిగి, ఈ మొక్క అడ్డం పడి, నీళ్ళు పోయే దారి లేక గోడలోకి దిగుతాండాయి. పైన నీళ్ళు ఇంకకుండా పరిచిన చౌడు మట్టి కూడా కొట్టుకపోయింది. దోనె మార్చి, చౌడు పరిస్తే చాలు."

"అయితే పడగొట్టే పని ల్యా?"

"ఎలుకలుండాయని ఇల్లు తగలబెట్టుకుంటామా పెద్దమ్మా?"

నా నోరు ఊరుకోలేదు. "మన ఊళ్ళో ఆ ఎలుకల కోసం ఎన్ని ఇండ్లు తగలబెట్టినావో చెప్పు," అన్నాను.

ఎప్పటి మాదిరి సరదాకే అన్నాను. ఆయన రావి వేరును అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ, "శానా," అన్నాడు. "మా నాయన చౌడు మిద్దెలు కట్టినోడు. వాటిని పీకనీకి నన్నే పిలిచేటోళ్ళు. అది కట్టినోని కొడుకే గదా, బాగా పీకుతాడని."

అంతకు ముందెప్పుడూ ఆయన నాకు ఆ మాట చెప్పలేదు. నేను ఆయన భుజం మీద మట్టి దులిపాను. మొత్తం దులపాలంటే చొక్కా ఉతకాల్సిందే.

పెద్దమ్మ మమ్మల్ని భోంచేసి పొమ్మంది. ఆదివారమని ఖుష్కా వండిందట. మసాలా వాసన వేసే అన్నం, దాని మీదికి సొరకాయ ముక్కలు వేసిన దాల్చా పప్పు. వద్దంటే వినలేదు. మా ఆయన విస్తట్లో వేసినకొద్దీ వేస్తూ, "ఇంత సన్నగుండావు, గోడను నువ్వు ఎత్తుతావా, గోడ నిన్ను ఎత్తుతాదా?" అంది. ఆయన తల వంచుకుని మూడుసార్లు పెట్టించుకున్నాడు. ముందు రోజు సంగటి కూడా మూడు ముద్దలే. ఆ లెక్క నేను బయటికి అనలేదు. ఒప్పందం ఉంది కదా.

సాయంత్రం చాగలమర్రి బస్సెక్కాం. ఆళ్ళగడ్డ రాగానే ఆయన ఒక్కసారి లేచి, బ్యాగు దించి, "దిగు, దిగు," అన్నాడు.

ఆళ్ళగడ్డలో రాతి శిల్పాలు చెక్కేవాళ్ళు ఉన్నారు. రోడ్డు పక్కనే వినాయకులు, అమ్మవార్లు, సగం చెక్కిన నందులు తెల్లటి రాతిదుమ్ములో కూర్చుని ఉంటాయి. నాకు ఏదో చిన్న విగ్రహం కొనిపెడతాడేమో అనుకుని కొంగు సర్దుకున్నాను. ఆయన నేరుగా లోపలికి పోయి, అమ్మవారి చేతి వేళ్ళు చెక్కుతున్న ఒక వయసైన శిల్పి పక్కన కూర్చున్నాడు.

"అన్నా, ఒక దోనె కావాల."

శిల్పి ఉలి ఆపాడు. "ఏ దేవునికి?"

"దేవునికి కాదన్నా. మిద్దె మీద వాననీళ్ళు పోనీకి."

"అందరూ వచ్చి దేవుని బొమ్మ అడుగుతారు. నువ్వేందప్పా, నీళ్ళు పోయే జాలారి దోనె అడుగుతాండావు?"

"నాలుగు అంగుళాల పైపు పెడితే సరిపోదా?" అన్నాను నేను, కావాలనే. ఎప్పుడూ ఆయన ఇతరులకు చెప్పే మాట అది.

మా ఆయన నా వైపు తిరగకుండానే, "ఈమె టీచరన్నా, పట్టించుకోవద్దు," అన్నాడు.

శిల్పికి మేస్త్రీ అని తెలిశాక ఇద్దరికీ మాటలు కలిశాయి. రాయి ఎంత పొడవు గోడలోకి పోవాలి, ఎంత బయటికి రావాలి, వాలు ఎంత అని నేల దుమ్ములో వేలితో బొమ్మలు గీసుకున్నారు. మధ్యలో శిల్పి అడిగాడు.

"మీ స్లాబులకు ఎన్నేండ్లు గ్యారంటీ ఇస్తారప్పా?"

"యాభై ఏండ్లు అని చెప్తాం."

"మేం గ్యారంటీ ఇయ్యం," అన్నాడు శిల్పి, దుమ్ము ఊదుకుంటూ. "అది పగిలేనాటికి అడగనీకి ఎవురుంటారు?"

మా ఆయన పెద్దగా నవ్వాడు. రెండు రోజుల్లో ఆయన అట్లా నవ్వింది అదే. నాకు విగ్రహమేమీ రాలేదు. బస్టాండు పక్కన వేడి వేడి మిరపకాయ బజ్జీలు మాత్రం కొనిపెట్టాడు, అడగకుండానే.

పది రోజులకు దోనె తయారైంది. జనవరిలో ఒక ఆదివారం దాన్నీ, ఆరు బస్తాల చౌడు మట్టినీ ఆటోలో వేసుకుని నంద్యాల పోయాం. ఆ మట్టి ఎక్కడ దొరుకుతుందో కొలిమిగుండ్ల దారిలో ఇద్దరు ముసలివాళ్ళకే తెలుసట. వాళ్ళను వెతికి పట్టుకోవడానికి ఆయనకు రెండు సాయంత్రాలు పట్టింది. పెద్దకొడుకు కర్నూలు నుంచి వచ్చి, నడుము మీద చేతులు పెట్టుకుని పని మొత్తం చూశాడు. మంచి మనిషే. వాళ్ళమ్మ చెప్పినట్టే, అతనిది భయమే కానీ ఆశ కాదు.

"ఎన్నాళ్ళు ఆగుతాదన్నా ఇది?" అని అడిగాడు.

"ఏటా వానలకు ముందు రోంత చౌడు చల్లితే, మీ మనవడు కూడా ఈ ఇంట్లోనే ఉంటాడు," అన్నాడు మా ఆయన.

"సరే, ఈ వానలు పోనీ. చూద్దాం," అన్నాడతను. అంతకు మించి మాట ఇవ్వలేదు. మేమూ అడగలేదు.

మే నెలలో ఒక సాయంత్రం మా ఇంటి ముందు మంచాలు వేసుకుని కూర్చున్నాం. నంద్యాల వైపు ఆకాశం నల్లగా ఉంది. ఆయన ఫోను మోగింది. పెద్దమ్మ. స్పీకరులో పెట్టాడు. ముందు ఏమీ వినపడలేదు, గరగర తప్ప. తరువాత తెలిసింది, ఆ గరగర వాన అని. ఆమె ఫోనును కిటికీ బయటికి పెట్టినట్టుంది. వాన హోరు వెనక ఇంకో చప్పుడు, లావుపాటి ధార ఒకటి ఎత్తు నుంచి వీధి రాళ్ళ మీద పడుతున్న చప్పుడు. మా ఆయన ఫోనును చెవికి దగ్గరగా పెట్టుకుని, కళ్ళు మూసుకుని విన్నాడు.

"గిన్నెలు?" అని అరిచాడు చివరికి.

"గిన్నెలు అల్మారాలో ఉండాయి," అంది పెద్దమ్మ గొంతు. "వినపడింది గదా? ఇంగ పెట్టేయ్. ఛార్జింగు అయిపోతాంది."